బెర్నబే పేరు మీద కంబళి

ఒకరి పేరు చెప్పుకుంటూ అల్లినది మరొకరిని కప్పుతుందా?

ఒతీలియా ఈ ప్రశ్న వేసుకున్నది ఆఖరి వరస ముగించి, ఊలు కొనను చివరి కుట్టులోంచి లాగి బిగించిన తరువాత. వేసుకోవలసింది అంతకు చాలా ముందు. రెండు వందల పన్నెండు వరసల్లో ఏ ఒక్క దాని దగ్గర ఆగి అడుక్కున్నా సరిపోయేది. కాని చేతులు కదులుతున్నంతసేపు మనసు ఏమీ అడగదు. చేతులు ఖాళీ అయ్యాకనే దానికి నోరు వస్తుంది.

కంబళి ఒళ్ళో బరువుగా ఉంది. తన గొర్రెల ఊలే. తానే కత్తిరించి, కడిగి, ఏకి, కదురు మీద వడికింది. ఒళ్ళంతా బూడిద రంగు, అంచులకు ఉల్లిపొట్టు ఉడికించి అద్దిన పసుపు. వెతికినా ఒక్క కుట్టు తప్పిపోలేదు. తప్పంతా కంటికి కనబడని చోట ఉంది.

ఒతీలియా ఉండే చలి దీవిలో ఆడవాళ్ళకు ఒక పాత ఆచారం ఉంది. ఈస్టరుకు ముందటి నలభై రోజుల తపస్సుకాలం మొదలయ్యే విభూతి బుధవారం నాడు, నుదుటి బూడిద ఇంకా ఆరకముందే, గుడి పక్కనున్న వంటింట్లో పొయ్యి చుట్టూ కూర్చుంటారు. ఆ ఏడు మంచాన పడ్డవాళ్ళవీ, మనిషిని పోగొట్టుకున్నవాళ్ళవీ పేర్లు చీటీల మీద రాసి కొయ్యగిన్నెలో వేస్తారు. ఎవరికి ఎవరి చీటీ వస్తే వాళ్ళకు తపస్సుకాలం ముగిసేలోగా ఒక కంబళి అల్లాలి. నియమాలు రెండే. చీటీ మార్చుకోకూడదు, గిన్నెలో పెట్టే చెయ్యి మనది, చీటీ అందించే చెయ్యి దేవుడిది. రెండోది, ప్రతి వరస మొదట్లో ఆ మనిషి పేరు నోటితో పలకాలి. పలికి, మరియమ్మకు చెప్పే మంగళవార్త జపం చెప్పుకుంటూ ఆ వరస పూర్తి చెయ్యాలి. మనసులో అనుకుంటే చాలదు. ఈస్టరుకు వారం ముందు, మ్రానికొమ్మల ఆదివారం నాడు కంబళ్ళన్నీ పీఠం ముందు పెడితే, ఫాదర్ ఏడాదికి రెండుసార్లే పడవ దిగే ఆ ఊళ్ళో ప్రార్థనలు నడిపించే పెద్దాయన వాటి మీద పవిత్ర జలం చల్లుతాడు. ఆ మధ్యాహ్నమే ఎవరిది వాళ్ళకు ఇచ్చి రావాలి.

ఈ ఏడు ఒతీలియా తీసిన చీటీలో ఉన్న పేరు బెర్నబే ఒయార్సో.

చీటీ ఎవరికీ చూపించే అలవాటు లేదు. కాని ఆమె ముఖం చూసి పొయ్యి చుట్టూ మాటలు ఆగిపోయాయి. అందరికన్నా పెద్దది, డెబ్బై ఎనిమిదేళ్ళ క్లొరిందా, ఒక్కసారి ఆమె వైపు చూసి కళ్ళు దించుకుంది. పడవ నడిపే బెర్నబేకు కడుపులో పుండు పుట్టిందనీ, పట్నం ఆసుపత్రి వాళ్ళు ఇంటికి పంపేశారనీ అందరికీ తెలుసు. అతని పేరు గిన్నెలో ఉందని కూడా తెలుసు.

"ఊలు వడికిందే ఉంది నా దగ్గర," అంది ఒతీలియా. చీటీ మడిచి రవికలో పెట్టుకుంది. 

పదకొండేళ్ళ కిందటి మాట. పొరుగు దీవి గుడి పండుగ నుంచి పడవలు తిరిగి వస్తున్నాయి. ఒతీలియా తమ్ముడు లీనో పడవ ఇంజను నడి జలసంధిలో ఆగిపోయింది. వెనకే వస్తున్న బెర్నబే తన పెద్ద పడవకు దాన్ని తాడుతో కట్టుకుని లాగడం మొదలుపెట్టాడు. అతని పడవలో తొమ్మిదిమంది యాత్రికులున్నారు. ఇంతలో ఉత్తరపు గాలి లేచింది. వెనక పడవ బరువుకు ముందు పడవ పక్కకు ఒరిగి లోపలికి నీళ్ళు రాసాగాయి. బెర్నబే గొడ్డలి తీసుకుని తాడు నరికాడు. తొమ్మిదిమందీ ఇళ్ళకు వచ్చారు. లీనో రాలేదు. నాలుగు రోజులకు పడవ పలకలు ఒడ్డుకు కొట్టుకొచ్చాయి. మనిషిని సముద్రం ఇవ్వలేదు.

పలకలు దొరికిన మరునాడు బెర్నబే ఆమె గుమ్మంలో నిలబడి, టోపీ చేతిలో నలుపుతూ, "తాడు కొయ్యమని వాడే అరిచాడు, ఒతీలియా," అన్నాడు. ఆమె తలుపు వేసింది. ఆనాటి నుంచి అతని పేరు ఆమె నోట రాలేదు. అవసరమైతే 'ఆ పడవాయన' అనేది, మరీ అవసరమైతే 'నోల్ఫా మొగుడు' అనేది.

తొమ్మిది ఒకటి కన్నా ఎక్కువ. ఆ లెక్కలో ఆమె ఎన్నడూ తప్పు పట్టలేదు. తల్లి పోయాక తన చంకన పెరిగిన పిల్లవాడు ఆ ఒకటి కాకపోయి ఉంటే తానూ అదే లెక్క వేసేది. అందుకే ఆమె కోపానికి నిలబడటానికి చోటు లేదు. చోటు లేని కోపం వెళ్ళిపోతుందనుకుంటారు. పోదు. ఎక్కడ పడితే అక్కడ కూర్చుంటుంది. చివరికి నాలుక మీద కూర్చుంది.

మొదటి వరసకు కుట్లు ఎక్కించుకుని, ఊపిరి తీసుకుని, పేరు పలకబోయినప్పుడు నోట వచ్చింది "లీనో". నాలుక తడబడిందనుకుంది. రెండో వరసలో సరిచేద్దామనుకుంది. రెండో వరసలోనూ "లీనో"యే. పది వరసలయ్యేసరికి అది తడబాటు కాదని తెలిసింది. నలభై అయ్యేసరికి ప్రయత్నం మానేసింది. గురువారాల్లో అందరితో కలిసి కూర్చుని అల్లేటప్పుడు పెదవులు మాత్రం కదిపి గొణిగేది. ఆమె పక్కన కూర్చునే క్లొరిందాకు ఆ వైపు చెవి వినబడదు.

ఒకటి ఒప్పుకోవాలి. ఈ నలభై రోజులు ఆమెకు సుఖంగా గడిచాయి. లీనోకు సమాధి లేదు. చచ్చినవాళ్ళ పండుగ నాడు అందరూ తమ తమ సిలువల దగ్గర పూలు పెట్టి పేర్లు పిలుచుకుంటుంటే, ఆమె పూలు పట్టుకుని ఎక్కడికి వెళ్ళాలో తెలియక ఒడ్డున నిలబడేది. ఆ పేరును పెట్టుకోవడానికి పదకొండేళ్ళలో మొదటిసారి ఒక చోటు దొరికింది. వరస మీద వరసగా దాన్ని ఈ ఊలులో పడుకోబెట్టింది.

శనివారం మధ్యాహ్నం క్లొరిందా వచ్చింది. గుడ్డలో చుట్టిన వేడి ఆలుగడ్డ రొట్టెలు బల్ల మీద పెట్టి, తడిసిన శాలువా పొయ్యి మీద దండేనికి ఆరేసి, పిలవకుండానే కూర్చుంది.

"అయిందా?"

"అయింది పిన్నీ."

"ఏదీ, చూడనీ." వేళ్ళతో తడిమింది. "నీ చెయ్యి ఎప్పుడూ బిగువే. మా కోడలు అల్లింది చూశావా? దాంతో చేపలు పట్టుకోవచ్చు. పెద్ద చేపలైతేనే, చిన్నవి జారిపోతాయి."

ఒతీలియా నవ్వలేదు. టీలా తాగే మాతె ఆకు వేసిన సొరకాయ బుర్రలో వేడినీళ్ళు పోసి ఆమెకు అందించింది.

"ఇది రేపు గుళ్ళో పెట్టను పిన్నీ."

"అంచు ఇంకా వెయ్యాలా?"

"పేరు పలకలేదు."

క్లొరిందా గొట్టంతో పీల్చడం ఆపింది. "ఎన్ని వరసలు?"

"అన్నీ."

"అన్నీనా?" బుర్రలో నీళ్ళు అయిపోయి గరగరలాడేదాకా పీల్చి, తిరిగి ఇచ్చింది. "మరి ఎవరి పేరు... సర్లే, అడగక్కర్లేదు."

"విప్పేసి మళ్ళీ అల్లితే ఎలా ఉంటుందంటావు?"

"ఎన్నాళ్ళు పడుతుంది?"

"ఎంత చేసినా నెల."

"ఆయనకు నాలుగు రోజులున్నాయో లేదో. కాళ్ళు మోకాళ్ళ దాకా చల్లబడ్డాయని నోల్ఫా నిన్న చెప్పింది. పొయ్యి పక్కకు మంచం లాగారట, ఎంత కట్టె వేసినా ఒళ్ళు వెచ్చపడటం లేదట. మనిషి అక్కడ చలికి కొంకర్లు పోతుంటే నువ్విక్కడ పేర్లు చూసుకుంటూ కూర్చో."

"ఊలు ఊలే అయితే ఈ నియమం దేనికి పిన్నీ? ఎవరి కోసమో దేవుడికి ఎలాగూ తెలుసు. నోటితో అనడం ఎందుకు మరి?"

"దేవుడి కోసమనుకున్నావా? ఆయనకేం చెవుడు లేదు. మన కోసమే. ఒక మనిషి పేరు రెండు వందల సార్లు పలికాక వాడి మీద మునుపటంత మంట ఉండదని మా అమ్మ అనేది." పొయ్యిలోకి ఇంకో కట్టె తోసింది. "ఒక్కోసారి ఉంటుందనుకో. మా ఆయన పేరు నలభై ఏళ్ళు పలికాను."

"అంటే నేను చెయ్యనిది ఆ ఒక్కటే."

"ఆ ఒక్కటే." క్లొరిందా లేచి శాలువా తీసుకుంది. "తీసుకెళ్ళి ఇచ్చెయ్. అబద్ధమేం ఆడక్కర్లేదు, నోరు మూసుకుంటే చాలు. నలభై రోజులు బాగానే మూసుకున్నావుగా."

ఆమె వెళ్ళాక ఒతీలియా కంబళిని మడిచింది, విప్పింది, మళ్ళీ మడిచింది. ఇవ్వకూడదని తనకు గట్టిగా అనిపిస్తున్నది, ఎందుకని? ఇస్తే అది అబద్ధపు కానుక అవుతుందనా? ఆ కారణం శుభ్రంగా ఉంది. ఆ శుభ్రం చూసే ఆమెకు అనుమానం వచ్చింది. తనను తాను అంత తేలికగా నమ్మే మనిషి కాదు ఆమె. కంబళిని ముఖానికి అద్దుకుంది. గొర్రె వాసన, పొగ వాసన. అప్పుడు తెలిసింది. ఇది తనకు కావాలి. లీనోను కప్పవలసిన గుడ్డ ఇది. ఇస్తే వాడిని రెండోసారి ఆ మనిషి చేతిలో పెట్టినట్టు. ఆమె నిజాయితీ అంటున్నదంతా ఈ పిసినారితనానికి కప్పిన ముసుగు.

తెలిసినంత మాత్రాన ఇవ్వబుద్ధి పుట్టలేదు.

మరునాడు గుళ్ళో పీఠం ముందు ఏడు కంబళ్ళున్నాయి. ఎనిమిదో దాని చోటు ఖాళీగా ఉంది. పెద్దాయన ఒక్క క్షణం ఆగి, ఆ ఖాళీ చోటు మీద కూడా నీళ్ళు చల్లి ముందుకు నడిచాడు. కొమ్మలు పట్టుకుని అందరూ వానలోకి వచ్చాక, నోల్ఫా ఆమె పక్కకు వచ్చి నిలబడింది. బెర్నబే భార్య. ఒకప్పుడు ఇద్దరూ ఒకే పడవలో బడికి వెళ్ళినవాళ్ళు.

"చీటీ ఎవరికొచ్చిందో చెప్పకూడదంటారు గాని, ఈ దీవిలో ఏది దాగింది చెప్పు," అంది నోల్ఫా. గొంతులో నిష్ఠూరం లేదు, అలసట ఉంది. "నీకొచ్చిందని విన్నరోజు ఆయన గోడ వైపు తిరిగి పడుకున్నాడు. ఇవాళ పొద్దున్నుంచేమో తలుపు వైపు తిరిగాడు. ఇవ్వలేనంటే ఇవ్వలేనని చెప్పు ఒతీలియా, నేనేం అనుకోను. వేరే ఎవరినైనా ఒకటి అడిగి, నీదేనని చెప్తాను."

"అబద్ధం చెప్తావా?"

"చచ్చేవాడితో చెప్పేదానికి పాపం ఎంతుంటుందిలే. తూకం వేసినా ముల్లు కదలదు."

ఒతీలియా చేతిలోని కొమ్మ వైపు చూసింది. ఆ మనిషికి ఒక అబద్ధం అందబోతోంది, తన మూలంగా.

"పద. ఇంటికెళ్ళి తీసుకుని వస్తాను," అంది.

కంబళిని తడవకుండా నూనెగుడ్డలో చుట్టుకుని ఆమె వెళ్ళేసరికి వాన పెరిగింది. నోల్ఫా తలుపు తీసి, కట్టెలు తెస్తానని చెప్పి బయటికి వెళ్ళింది. వంటింట్లో పొయ్యి ఎర్రగా మండుతోంది. దాని పక్కనే మంచం. అందులో ఉన్న మనిషిని ఆమె వెంటనే గుర్తుపట్టలేదు. ఆ భుజాలు ఏమయ్యాయి?

"వచ్చావా?" అన్నాడు బెర్నబే.

"వచ్చాను."

"కూర్చో. దాంట్లో కాదు, దాని కాలు విరిగింది. ఆరేళ్ళుగా బాగుచేస్తానంటున్నా. ఇంక ఆ కుర్చీ నా మీద గెలిచినట్టే."

ఆమె వేరే పీట లాక్కుని కూర్చుంది. మూట ఒళ్ళోనే పెట్టుకుంది. దుప్పట్ల కింద అతను వణుకుతున్నాడు. మాట మాటకూ పళ్ళు తాకుతున్నాయి.

"ఇది ఇచ్చే ముందు ఒకటి చెప్పాలి మీకు," అంది. "వరస వరసకూ మీ పేరు పలకాలి. ఒక్కసారీ పలకలేదు. పలకాలనే కూర్చున్నాను. రాలేదు. తరవాత పలకాలని కూడా అనుకోలేదు."

అతను ఆమె ఒళ్ళోని మూట వైపు చూశాడు.

"వాడి పేరా?"

"వాడి పేరే."

"అంతా వాడేనా?"

"అంతా వాడే."

బెర్నబే తల ఊపాడు. కొంచెం ఊపిరి కూడదీసుకున్నాడు.

"నువ్వు చెప్పావు గనక నేనూ చెప్తా. మీ గుమ్మంలో నిలబడి నేనో మాటన్నాను, గుర్తుందా?"

"తాడు కొయ్యమని వాడే అరిచాడని."

"వాడు అనలేదది." కళ్ళు మూసుకున్నాడు. "అరిచాడు. ఏమరిచాడో నాకు వినబడలేదు. ఆ గాలిలో నా గొంతే నాకు వినబడలేదు. చెయ్యి ఊపాడు. కొయ్యమనో, వద్దనో, నాకు తెలీదు. నరికేశాక, కొయ్యమనే అని ఉంటాడులే అనుకున్నా. ఒడ్డుకొచ్చేసరికి విన్నట్టే అనిపించింది. మీ గుమ్మం దాకా వచ్చేసరికి నిజమైపోయింది. పదకొండేళ్ళు ఆ మాట వాడి నోట్లో పెట్టి ఉంచాను, ఒతీలియా. ఫాదర్‌తో చెప్పుకున్నా. క్షమించానన్నాడు. ఆయనకేం, పోయింది ఆయన తమ్ముడు కాదుగా."

పొయ్యిలో కట్టె విరిగి కూలింది.

ఆ మాటను ఆమె ఎన్నడూ నమ్మలేదు. నమ్మలేదనే అనుకుంది. తలుపు వేసింది నమ్మకనే కదా. కాని ఇప్పుడు అది అబద్ధమని అతని నోటనే విన్నాక కాళ్ళ కింద ఏదో లేకుండా పోయింది. రాత్రుళ్ళు కళ్ళు మూసుకున్నప్పుడల్లా ఆమెకు కనబడే లీనో, నోటి దగ్గర చేతులు పెట్టుకుని కొయ్యండి అని అరిచే లీనోయే. తనంత తాను వెళ్ళిపోయిన లీనో. నమ్మనిదనుకున్న మాట మీదే ఇన్నాళ్ళూ నిలబడి ఉందని, అది కూలాక తెలిసింది. ఇప్పుడు మిగిలింది చెయ్యి ఊపుతున్న ఒక మనిషి. ఏమంటున్నాడో ఎవరికీ తెలియదు. ఇక ఎప్పటికీ తెలియదు.

ఆమె లేచింది. మూటను గుండెకు అదుముకుని కిటికీ దగ్గరకు వెళ్ళింది. జలసంధి వానలో తెల్లగా ఉంది. అవతలి ఒడ్డు లేదు.

"తీసుకుపో," అన్నాడు వెనక నుంచి. "అది వాడిది. వాడిది నేనొకటి తీసుకున్నా ఇప్పటికే."

వెళ్ళిపోవచ్చు. ఎవరూ తప్పు పట్టరు. తలుపు అవతల కట్టెలు చేతిలో పట్టుకుని నోల్ఫా ఆగిపోయి ఉండటం ఆమెకు తెలుస్తూనే ఉంది. ఆమె కూడా తప్పు పట్టదు.

ఈయన తన మాటను లీనో నోట్లో పెట్టాడు. ఈయన ఉండవలసిన చోట తాను లీనో పేరు పెట్టింది. ఇద్దరూ చేసింది ఒకటే. చచ్చినవాడి వెనక నిలబడటం బతికినవాళ్ళకు ఎంత తేలిక. వాడు పక్కకు తప్పుకోడు, నన్ను విడవండి అనడు. పదకొండేళ్ళుగా ఒక వైపు ఈయన, ఒక వైపు తాను, మధ్య ఆ పిల్లవాడు, ఇంకా ఆ నీళ్ళలోనే.

క్షమించిందా? వెతికి చూసుకుంది. అటువంటిదేమీ కనబడలేదు. కనబడేదాకా ఆగుదామంటే, ఆ మంచం మీద చలి ఆగేలా లేదు.

ఒతీలియా వెనక్కి వచ్చింది. నూనెగుడ్డ విప్పి కింద పడేసింది. కంబళిని రెండు చేతులతో దులిపి పరిచి, పాదాల నుంచి గడ్డం దాకా కప్పి, రెండు పక్కలా ఒంటి కిందికి దోపింది. ఒళ్ళు ఆమె అనుకున్నంత కూడా లేదు.  బెర్నబే కళ్ళ కొసల నుంచి నీళ్ళు చెవుల్లోకి కారాయి. తుడుచుకోవడానికి చేతులు బయటికి తియ్యలేదు.

ఆమె పీటను మంచం కాళ్ళవైపుకు జరుపుకుని కూర్చుంది. పసుపు అంచు కింద మొదటి వరస వెతికి పట్టుకుని దాని మీద వేలు పెట్టింది. నోరు తెరిచింది. "లీ" అని రాబోయింది. పళ్ళు బిగించి దాన్ని ఆపింది. 

"బెర్నబే," అంది.

ఆ గొంతు తనదిలా లేదు. మంగళవార్త జపం మొదలుపెట్టి, వేలిని వరస వెంట ఈ అంచు నుంచి ఆ అంచుకు నడిపించింది. ఆమెన్ అని, వేలిని పై వరసకు మార్చింది.

"బెర్నబే."

నోల్ఫా చప్పుడు చెయ్యకుండా లోపలికి వచ్చి కట్టెలు దించింది.

"ఎన్ని వరసలున్నాయి?" అని అడిగాడతను, కళ్ళు తెరవకుండానే.

"రెండు వందల పన్నెండు."

"అందాకా ఉంటానో లేదో."

"మాట్లాడకండి, వరస తప్పిపోతాను," అని ఒతీలియా మూడో వరస మీద వేలు పెట్టింది.